సవతికి ఆది జాకెట్టు నేనే

నేను ఒక చీపురుని అని చెబితే మీకు వింతేమీ ఉండదు, ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాను. కానీ ఒకప్పుడు పాడేరు దగ్గర కొండ మీద నిలబడి మబ్బుల్ని ఊడ్చినదాన్ని అంటే మాత్రం మూతి తిప్పుకుంటారు. తిప్పుకోండి. మా కొండ మీద మాఘమాసంలో పొగమంచు పదింటికల్లా విడిపోయేది. అదంతా ఎండ గొప్పతనం అనుకునేవారు జనం. నిజానికి మేము నాలుగు వేల మంది అక్కచెల్లెళ్లం గాలికి ఒక్కసారిగా అటూ ఇటూ ఊగితే విడిపోయేది. ఒకరోజు నేను కాస్త గట్టిగా ఊగాను. మంచుతో పాటు అవతలి కొండ మీద మేస్తున్న మేక కూడా రెండు గజాలు జరిగింది. ఆ మేక ఇప్పుడు లేదు, ఉంటే సాక్ష్యం చెప్పేది.

కోశాక మమ్మల్ని బండ మీద ఎండబెట్టారు. కట్ట కట్టి, పిడికి నీలం రంగు ప్లాస్టిక్ తొడుగు వేసి, సంతకు దించి, అక్కడి నుంచి లారీ ఎక్కించారు. లారీలో మా మీద అల్లం బస్తాలు వేశారు. ఆ వాసన నాకు ఎంతగా పట్టిందంటే, హైదరాబాదులో మొదటి నెల నేను ఏ మూల ఊడ్చినా చుట్టుపక్కల నుంచి జనం ఖాళీ గ్లాసులు పట్టుకుని వచ్చేవారు, ఎవరో అల్లం టీ పెడుతున్నారనుకుని.

నన్ను కొన్నది సత్తెవ్వ. యాభై దాటిన మనిషి, మెదక్ వైపు నుంచి వచ్చింది. బాలానగర్‌లో ఇనుప దుకాణాల వెనక సందులో ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది, అందులో మిక్సీలూ గ్రైండర్లూ తయారు చేస్తారు. ఆ షెడ్డంతా ఊడ్చే పని ఆమెది. టీవీఎస్ బండి మీద చీపుర్లు అమ్మే మనిషి దగ్గర మేము నలభై మందిమి ఉంటే, సత్తెవ్వ ముప్పై తొమ్మిది మందిని పట్టి చూసి పక్కన పెట్టింది. నన్ను పట్టుకుని గాలిలో ఒకసారి విసిరి, "ఇది చేతికొచ్చింది" అంది.

ఆ మాట నా నెత్తికెక్కింది. అప్పటి నుంచి ఆ చేతిలోకి వేరే ఏదొచ్చినా నాకు కడుపు మంట. వాకిలి ఊడ్చే కొబ్బరి ఈనెల చీపురుని చూస్తే మంట. తడిగుడ్డ కర్రని చూస్తే మంట. సత్తెవ్వ మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే ఆ స్టీలు టిఫిను డబ్బాని చూసి కూడా కుళ్లుకున్నదాన్ని నేను. అయినా నా స్థానం నాది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఐదింటికి ఆ చెయ్యి నాదే. పని అయ్యాక నన్ను స్టోరు గది తలుపు వెనక, నా జాగాలో, పిడి గోడ వైపు ఉండేలా పడుకోబెట్టేది. పొరపాటున కాలు తగిలితే వేళ్లు నాకు తాకించి కళ్లకద్దుకునేది. అంత మర్యాద ఆ షెడ్డులో యజమానికి కూడా లేదు.

యజమాని పురుషోత్తం గారు. ఆయన ఒక సంవత్సరం వాక్యూమ్ క్లీనర్ ఒకటి చేయించారు. పొట్ట ఒకచోట, ముక్కు ఒకచోట, మధ్యలో గొట్టం, వెనకాల ఆరు గజాల వైరు. దాన్ని లాక్కుంటూ గది ఊడవడమంటే ఈనిన గేదెను సంతకు తోలుకెళ్లడమే. కొన్నవాళ్లందరూ దాన్ని పండగకి ఒకసారి దింపి, మళ్లీ అటక ఎక్కించేశారు. నాకు ఆ సంవత్సరం చాలా ఆనందంగా గడిచింది.

ఆ ఆనందం మీద నీళ్లు పోసింది కౌముది. తణుకు అమ్మాయి. యంత్రాలకు రూపం గీయడం ఆమె ఉద్యోగం. ఒకరోజు ఆమె పురుషోత్తం గారి ముందు నిలబడి చెప్పింది: "సార్, మన ఆడవాళ్లకి ఊడవడం తెలియక కాదు, ఆ మెషిన్ చేతికి రాక వదిలేశారు. వైరు లేకుండా, తేలిగ్గా, చీపురులా తిరిగేది చేస్తాను. ఒక్క ఏడాది ఇవ్వండి."

"ఏడాది ఇస్తా" అన్నారాయన. "చివర్ల పది దినాలు మన సత్తెవ్వ చేతికిస్తాం. ఆమె వాడితే లోకమంతా వాడుతది. వాడకపోతే మల్ల మాట్లాడొద్దు, మిక్సీలు చేసుకుందాం. సరేనా?"

"సరే సార్" అంది కౌముది. ఒక పిల్ల బతుకులో ఒక ఏడాది అలా పందెంలోకి వెళ్లిపోయింది. నేను తలుపు వెనక నుంచి విన్నాను గానీ, చీపురులా అన్న మాట తప్ప ఇంకేమీ నా చెవికెక్కలేదు. నాలా. నాలాంటిది కావాలట. పొంగిపోయాను.

మర్నాడు నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. తూకం వేశారు: మూడు వందల యాభై గ్రాములు. దారం కట్టి వేలాడదీసి, ఎక్కడ కడితే వంగకుండా నిలుస్తానో చూశారు. నా పిడి చుట్టుకొలత తీశారు. సత్తెవ్వ మణికట్టు మీదా నా నడుము మీదా ఎర్ర బొట్లు పెట్టి, "ఊడవండి సత్తెవ్వా, నేను లేననుకుని ఊడవండి" అంటూ కౌముది కెమెరా పట్టుకుని వెనకాలే నడిచింది. బొట్టు, ఫోటోలు, కొలతలు. ఇవి పెళ్లి ఏర్పాట్లు కాకపోతే మరేమిటి? నేను ఎంత సిగ్గుపడ్డానంటే, ఆ రోజు నా పొట్టు రాలి షెడ్డు ఊడ్చిన దానికన్నా ఎక్కువ మురికైంది.

సత్తెవ్వే నా కళ్లు తెరిపించింది, పాపం తెలియక.

"అయితే కౌముదమ్మా, దీన్ని జూసి ఇంకోదాన్ని కుడ్తవన్నమాట. టైలర్‌కు ఆది జాకెట్టిచ్చినట్లు."

"అంతే సత్తెవ్వా. ఇది మా ఆది జాకెట్టు."

ఆది జాకెట్టు అంటే మీకు తెలుసుగా. కొత్త జాకెట్టు కుట్టించేటప్పుడు కొలతకని టైలరుకిచ్చే పాత జాకెట్టు. కొత్తది పెళ్లికి వెళుతుంది. పాతది సంచిలో మడత పడి తిరిగొస్తుంది. నా సవతికి నేనే కొలతలిచ్చాను, అదీ బొట్టు పెట్టించుకుని మరీ.

సవతి మొదట చాలా వికారంగా పుట్టింది, ఆ సంగతి చెప్పుకోవడంలో నాకిప్పటికీ సుఖం ఉంది. మొదటి దాన్లో మోటారు కింద, మూతి దగ్గర పెట్టారు. సత్తెవ్వ నాలుగు అడుగులు తోసి ఆగిపోయింది. "ఇది ఊడ్సుడు గాదమ్మా, బాయిల పడ్డ బొక్కెన దేవినట్లుంది." రెండోదానికి మోటారు పైన, చేతికన్నా ఎత్తులో పెట్టారు. "ఇదైతే సంకల పిల్లనెత్తుకోని ఊడ్సినట్లే. మా చిన్నదాన్ని ఎత్తుకోని ఊడ్సిన దినాలు యాదికొస్తున్నయి" అంది. మూడోది కూతపెట్టింది, నాలుగోది దుమ్ము పీల్చి వెనక నుంచి వదిలింది, ఐదోది కౌముది చున్నీని మింగేసింది. ఐదోదాని మీద నాకు కాస్త గౌరవం ఉండేది.

కానీ కౌముది మొండిది. ప్రతిసారీ నన్ను మళ్లీ బల్ల మీదకు తెచ్చేది. "సత్తెవ్వా, చీపురుని మీరు తోస్తారా, లాగుతారా?" అని అడిగింది ఒకసారి.

సత్తెవ్వ ఆలోచించింది. నన్ను అందుకుని రెండు సార్లు ఊడ్చి చూసుకుంది, తన చెయ్యి తనకే కొత్తగా ఉన్నట్టు. "తొయ్యను, గుంజను. తిప్పుత. గిట్ల, మణికట్టుతోని. బరువు చెయ్యి కిందికే ఉండాలె. మంచం కిందికి పోవాల్నంటే నేను వంగ, ఇదే పండుకుంటది."

కౌముది అది రాసుకుంది. మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి ఉన్న రహస్యం, ఆలుమగల రహస్యం లాంటిది, సత్తెవ్వ నిలబడ్డ చోటే పరాయి పిల్లకి చెప్పేసింది. ఆ మాటలతోనే ఆరోది తయారైంది. మోటారు, బ్యాటరీ రెండూ చేతి కిందకే వచ్చాయి. మెడ దగ్గర కీలు పెట్టారు, మంచం కిందకైతే చాప పరిచినట్టు పడుకునేది. పిడి నా పిడి లావే. బరువు కిలోకి కాస్త పైన. నాకు మూడింతలు, అయినా చేతిలో ఆ తేడా తెలియదు. సన్నగా, పొడుగ్గా, తెల్లగా ఉంది మహాతల్లి.

సత్తెవ్వ దాన్ని పట్టుకుని బల్లల మధ్య నుంచి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. ఏమంటుందో అని కౌముది పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. నేనూ చూస్తున్నాను, కొరుక్కోవడానికి పెదవి లేక నా పుల్ల ఒకటి విరుచుకున్నాను.

"అల్కగుంది" అంది సత్తెవ్వ.

నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. నేను అంతకన్నా తేలికే, కానీ నాతో ఎవరూ పోల్చి చూడాల్సిన అవసరం రాలేదు కదా. ఆ రోజు మధ్యాహ్నం నేను ఒక ఘోరం చేశాను. సత్తెవ్వ నాతో ఊడుస్తూ, కౌముది దాన్ని తిప్పి చూస్తూ ఉంటే, నా దగ్గరున్న పొట్టంతా దాని మూతి ముందు రాల్చాను, గొంతుకడ్డం పడి చావనీ అని. అది మొత్తం పీల్చేసి, ఇంకా ఉందా అన్నట్టు మూతి ఇటు తిప్పింది.

పది రోజుల పరీక్ష మొదలైంది. కౌముది సత్తెవ్వని పిలిచి చెప్పింది: "ఈ పది రోజులు నేను పై గదిలోనే ఉంటాను, కిందకి రాను. నేను పక్కనుంటే నా కోసం వాడతారు. ఎంతసేపు తిరిగిందో అది తనలోనే రాసుకుంటుంది, అది చాలు. మీరు దీన్ని మెషిన్ అనుకోకండి సత్తెవ్వా. చీపురే అనుకోండి. చీపురుని ఎలా చూసుకుంటారో అలాగే చూసుకోండి. పని అయ్యాక దాని చోట పెట్టేయండి."

"గంతే గద" అంది సత్తెవ్వ.

స్టోరు గదిలో గుమ్మానికి ఎదురు గోడకి ఒక తెల్లటి స్టాండు బిగించి ఉంది. సవతిని అందులో నిలువుగా ఆనిస్తే చాలు, రాత్రంతా కరెంటు తాగి తెల్లారేసరికి బలం పుంజుకుంటుంది. కౌముది ఏడాదిగా తన చేత్తో తనే అక్కడ పెట్టుకుంటోంది. ఆమెకు సవతి చోటంటే అదే. ఇంకో చోటు ఉంటుందని ఊహకే రాలేదు.

మొదటి రోజు సత్తెవ్వ షెడ్డంతా సవతితో ఊడ్చింది. పని అయ్యాక దాన్ని తెచ్చి, స్టోరు గది తలుపు వెనక, నా పక్కన, పిడి గోడ వైపు పెట్టి పడుకోబెట్టింది. నాలుగేళ్లుగా నేను ఒంటరిగా పడుకున్న జాగాలో సవతి వచ్చి ఒళ్లు విరుచుకుంది. ఎంత అవమానం. కానీ మర్నాడు పొద్దున సగం షెడ్డు ఊడ్చేసరికి సవతి గొంతు సన్నబడింది. ఇంకో రెండు బల్లలు దాటాక ఆగిపోయింది.

సత్తెవ్వ మీట నొక్కింది, తట్టింది, బోర్లించి మూతి చూసింది. గుడ్డతో తుడిచి మళ్లీ నొక్కింది. లేవలేదు. చుట్టూ చూసి, మెల్లగా నన్ను అందుకుంది.

నాకు ఎంత ఊపు వచ్చిందంటే, ఆ రోజు నేను ఊడ్చిన తీరుకి నేల మీద ఉన్న నూనె మరకలు భయపడి వాటంతట అవే పక్క షెడ్డులోకి వెళ్లిపోయాయి.

సత్తెవ్వ ఎవరికీ చెప్పలేదు. సవతిని పడుకోబెట్టి తన పాత తువ్వాలు కప్పి, నాతో అంది: "పొల్ల ఏడాది సంది తిప్పలువడ్తున్నది. పాడైందని చెప్తే సారు పని బందు పెట్టిస్తడు. రెండు దినాలు పండనిస్తే గదే లేస్తదేమో." ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. రోజూ పొద్దున తువ్వాలు తీసి, మీట నొక్కి, లేవకపోతే మళ్లీ కప్పి, నాతో పని కానిచ్చేది. నాకు విషయం తెలుసు. స్టాండు గోడ మీద ఖాళీగా ఉంది, నాకు కళ్లారా కనిపిస్తోంది. చీపురుకి నోరుంటే చెప్పేదాన్నా అంటే, నిజం చెబుతున్నాను, చెప్పేదాన్ని కాదు. ఎనిమిది రోజులు నా బతుకులో మళ్లీ వసంతం.

పదో రోజు పురుషోత్తం గారూ కౌముదీ కలిసి కిందకి వచ్చారు. సత్తెవ్వ గది బయటే నిలబడింది. చెంగు చేతికి చుట్టుకుంటూ ఉంది. స్టాండు ఖాళీగా ఉండటం చూసి కౌముది నడక తగ్గింది. స్టోరు గదిలోకి వెళ్లి చూస్తే సవతి తలుపు వెనక నా పక్కనే నేల మీద, పొడుగు పట్టక సగం నడిచే దారికి అడ్డంగా వచ్చి, తువ్వాలు కప్పుకుని ఉంది. ఆమె తువ్వాలు తీసి మీట నొక్కింది. ఏమీ లేదు. దాని వెనక చిన్న రంధ్రంలోకి ఫోను వైరు దూర్చి చదివింది.

"పది రోజుల్లో ముప్పై ఎనిమిది నిమిషాలు" అంది. ఏడాది పాటు నిద్ర లేని కళ్లు సత్తెవ్వ వైపు తిరిగాయి. కోపం లేదు వాటిలో. అది ఉన్నా బాగుండేది. "నచ్చలేదా సత్తెవ్వా? నచ్చకపోతే నాకు చెప్పాల్సింది."

"నచ్చక ఏంది బిడ్డా. రెండు దినాలు మంచిగనే నడ్సింది. తర్వాత పండింది, మల్ల లేవలె. నీకు మాటొస్తదని నేనే చెప్పలె."

"పని అయ్యాక ఎక్కడ పెట్టారు?"

"దాని జాగల్నే పెట్టిన. ఇగో, ఈడ."

కౌముది నేలని చూసింది, గోడ మీద స్టాండుని చూసింది. "ఇక్కడా? పడుకోబెట్టారా? అక్కడ నిలబెట్టలేదా?"

సత్తెవ్వ ముఖంలో మొదటిసారి కాస్త చిరాకు కనిపించింది. "చీపిరినెవలన్న నిలవెడ్తరా కౌముదమ్మా? నిలవెడ్తె కొట్లాటలైతయి. చీపురే అనుకొమ్మన్నవు. అనుకున్న."

గుమ్మం బయట ఉన్న పురుషోత్తం గారు అప్పుడు లోపలికి వచ్చారు. "అదంతా నాకెందుకమ్మా. వాడిందా లేదా? లేదు. మాట మాటే" అంటూనే వచ్చారు. వస్తూ వస్తూ, నేల మీద అడ్డంగా ఉన్న సవతి దగ్గర ఆగి, పంచె కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, గోడ వారగా ఒదిగి, అంత లావు మనిషి పక్కకి తిరిగి మరీ చుట్టూ తిరిగి వచ్చారు.

కౌముది అది చూసింది. "సార్, దాన్ని దాటి రాలేదేం?"

"చీపురుని దాటుతమా అమ్మా?" అన్నారాయన.

ఆయన కిందకి చూశారు. తన నోటి నుంచి వచ్చిన మాట అక్కడే నేల మీద పడి ఉన్నట్టు కాసేపు దాన్నే చూశారు. తర్వాత నవ్వొచ్చిందాయనకి, ఆపుకున్నారు, యజమాని కదా. "సత్తెవ్వా, ఇది లేస్తే వాడుతవా?"

"లేస్తే ఎందుకు వాడ సారూ. నా రెక్క నొప్పి తగ్గింది ఆ రెండు దినాలు."

రెక్క నొప్పి. నాలుగేళ్లు ఆ చేతిలో ఉన్నాను, ఆ రెక్కకి నొప్పి అని నాకు తెలియదు. ఎప్పుడూ నాతో అనలేదు. నా వల్లే అయితే నాతో ఎలా అంటుంది? అసూయపడేవాళ్లకి తమ గొప్ప తప్ప ఇంకేమీ కనిపించదని అంటారు. నాకు నా సవతి కూడా కనిపించింది, ఆ రెక్క మాత్రం కనిపించలేదు.

"ఇంకో పది దినాలు" అన్నారు పురుషోత్తం గారు వెళుతూ. "ఈసారి పండవెట్టి పాలిచ్చే ఉపాయం చూడు."

కౌముది మూడు రోజుల్లో చూసింది. గోడ మీది స్టాండు పీకేసింది. చేట అంత పల్చటి పళ్లెం ఒకటి చేసి తలుపు వెనక నేల మీద బిగించింది. సవతిని అందులో పడుకోబెడితే చాలు, పిడి గోడ వైపు, కరెంటు అదే ఎక్కుతుంది. పళ్లెం సరిగ్గా నా జాగాలో వచ్చింది. నన్ను తీసి నమూనాల అరలో పెట్టారు, మెడలో ఒక చీటీ కట్టి: నమూనా ఒకటి. నా పక్కన చున్నీ మింగినది ఉంది. మేమిద్దరం ఈమధ్య మాట్లాడుకుంటున్నాం. అదేమీ చెడ్డది కాదు.

రెండో పది రోజుల లెక్క కౌముది గట్టిగా చదవలేదు, పురుషోత్తం గారికి ఫోను చేతికిచ్చి ఊరుకుంది. ఆయన చదివి, "డబ్బాలకు ఆర్డరివ్వు" అన్నారు. ఇప్పుడు సవతి పిల్లలు ఊళ్లు తిరుగుతున్నారు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని తలుపుల వెనక ఒళ్లు విరుచుకుంటున్నారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. పోనీ నాకు అంతకన్నా గొప్పతనం వచ్చిందనుకుందామంటే, ఈ అరలో దుమ్ము. చీపురు మీద దుమ్ము పేరుకోవడం కన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది? వారానికోసారి సత్తెవ్వ వచ్చి, సవతి చేతే నా దుమ్ము పీల్పిస్తుంది. అది నా ఒంటి మీద మూతి ఆనించినప్పుడల్లా చచ్చి బతుకుతాను.

నిన్న పొద్దున సత్తెవ్వ నా అర ముందు దాకా ఊడ్చుకుంటూ వచ్చి, పని ముగించి మీట ఆపింది. కౌముది పక్కనే బల్ల దగ్గర ఏదో గీస్తోంది. సత్తెవ్వ సవతిని తిరగేసి పట్టుకుని, దాని పిడి అడుగుని తన అరచేతిలో రెండుసార్లు టప్ టప్‌మని కొట్టింది. ఊడ్చి ఊడ్చి ఎగుడుదిగుడైన పుల్లలు మళ్లీ సమంగా కూర్చోవాలని ఎవరైనా చీపురుని అలాగే కొడతారు, నన్నూ పని అయ్యాక రోజూ అలాగే కొట్టేది. సవతికి పుల్లలెక్కడివి?

"అదేంటి సత్తెవ్వా, దాన్నెందుకు కొడుతున్నారు?" అంది కౌముది.

సత్తెవ్వ చేతిని చూసుకుంది. "ఏమో బిడ్డా. చెయ్యి కొట్టింది."

సవతి ఏమీ తెలియక ఆ దెబ్బలు తిని పళ్లెంలోకి వెళ్లి పడుకుంది. అవి దానివి కావు. నావి.